కొనలు తుంచిన స్నోడ్రాపులు

సియాటిల్ పక్కన మా బాతెల్‌లో తెలుగువాళ్ళ పెరడు ఎలా ఉండాలో ఎవరూ రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు. గోంగూర ఉండాలి, తోటకూర ఉండాలి, వేసవి వచ్చిందంటే కంచె మీదికి ఆనపపాదు పాకాలి. చలికాలంలో ఇంట్లోకి ఎత్తుకొచ్చి చంటిపిల్లలా చూసుకోవడానికి కరివేపాకు కుండీ ఒకటి తప్పనిసరి. మొత్తానికి పెరట్లో ఉన్నది పొయ్యి మీదికైనా రావాలి, జడలోకైనా రావాలి. రెండిటికీ పనికిరానిదాన్ని పెంచే మనిషంటే మావాళ్ళకి జాలి. నా మీద ఆ జాలి చాలా ఏళ్ళుగా ఉంది.

నేను పెంచేది స్నోడ్రాపులు. అందులోనూ ముద్దవి. మందారాల్లో రేక మందారం, ముద్ద మందారం ఉన్నట్టే వీటిలోనూ రెండు రకాలు. జానెడు ఎత్తు మొక్క, ఉల్లికాడలాంటి సన్నటి ఆకులు, కాడ చివర తలకిందులుగా వేలాడే తెల్లటి పువ్వు. రేక రకానికి బయట మూడు రెక్కలు, లోపల మూడు చిన్న రెక్కలు, అంతటితో సరి. ముద్ద రకానికి లోపల పాపాయి గౌను కుచ్చిళ్ళలా రెక్కల మీద రెక్కలు, వాటికి ఆకుపచ్చటి మచ్చలు. ఫిబ్రవరిలో, ఇంకే మొక్కా కళ్ళు తెరవకముందే, మా సియాటిల్ వైపు వానలో, ఆ చలిలో, ఎవరూ బయటికి రాని రోజుల్లో పూస్తుంది. పూసి నేలని చూస్తూ నిలబడుతుంది.

మా తెలుగు చర్చివాళ్ళు ఈ పూల గురించి అడిగేవి మూడే ప్రశ్నలు. "వాసనుంటుందాండీ?" పెద్దగా ఉండదు. "తల్లో పెట్టుకోవచ్చా?" కాడ నిలవదు. "పోనీ, కింద ఉల్లిపాయలా ఊరుతుందంటున్నారు కదా, అదైనా..." వద్దు, విషం, ఆస్పత్రి పాలవుతారు. ఆ తర్వాత వాళ్ళు ఏమీ అడగరు. మా ఆయన వైపు తిరిగి, "మీరు బాగానే ఉన్నారా అన్నయ్యగారూ?" అంటారు.

ఈ పిచ్చి నాకు అంటించింది పక్కింటి పెద్దావిడ. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. గొంతు ఇప్పటికీ బస్సులో ఆఖరి సీటు దాకా వినబడుతుంది. మేం ఈ ఇంట్లో దిగిన మొదటి చలికాలం, వాన మీద నాకు ఒళ్ళు మండిపోతున్న రోజుల్లో, ఆవిడ పెరట్లో పెద్ద మేపుల్ చెట్టు కింద ఏదో తెల్లగా కనబడి కంచె దగ్గరికి వెళ్ళాను. "రా" అంది. వెళ్ళాను. "కూర్చో" అంది. ఎక్కడ కూర్చోను, అంతా బురద. ఆఫీసు ప్యాంటుతోనే మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆవిడ ఒక పువ్వు గడ్డం కింద వేలు పెట్టి మెల్లగా పైకెత్తింది. లోపల ఆ కుచ్చిళ్ళు చూశాను. నా పని అయిపోయింది.

ఆ తర్వాత ప్రతి ఫిబ్రవరీ ఆవిడ పెరట్లో మోకాళ్ళ మీద కూర్చోవడం నాకు అలవాటైంది. ఒక శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో ప్రార్థన కూటం. చర్చివాళ్ళు అనుకున్నదానికంటే ముందే వచ్చేశారు. కారు దిగిన పాస్టరమ్మగారికి కనబడింది ఏమిటంటే, జోరు వానలో, పక్కవాళ్ళ పెరట్లో, బురదలో మోకరించి, తల నేలకి ఆనించినంత పని చేస్తున్న నేను. ఆ రోజు కూటంలో ఆవిడ కన్నీళ్ళతో ప్రార్థన చేశారు. "ప్రభువా, ఈ ఇంటి తల్లి ఎవరికీ చెప్పుకోలేక మోస్తున్న భారం నీకు తెలుసు" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. పువ్వు చూస్తున్నానని చెబితే ఇంకో ప్రార్థన చేసేవారు.

నాకూ ఆ మొక్కలు కావాలనిపించింది. ఇంటర్నెట్‌లో దుంపలు ఆర్డర్ చేశాను. శరదృతువులో కాగితం సంచీలో ఎండు వెల్లుల్లి రెబ్బల్లాంటివి వచ్చాయి. పాతాను. ఏమీ రాలేదు. మరుసటి ఏడు ఇంకో చోటినుంచి తెప్పించాను. ఏమీ రాలేదు. మూడో ఏడు కూడా అంతే. నేను పనిచేసేది బయోటెక్ కంపెనీలో. ల్యాబ్‌లో ఏ పని ఎవరు ఎలా చేయాలో అడుగడుగునా ప్రొసీజర్లు రాయడమే నా ఉద్యోగం. అలాంటిదాన్ని చిన్న దుంప చేతిలో మూడుసార్లు ఓడిపోయాను.

పక్కింటావిడ పెరట్లో మాత్రం గుంపులు గుంపులుగా పూసేవి. ఒక పిడికెడు ఇస్తే ఆవిడ సొమ్మేం పోతుంది? కానీ నోరు తెరిచి అడుగుతామా? మన పద్ధతి వేరు. ఒకరి వస్తువుని మూడుసార్లు మెచ్చుకుంటే, నాలుగోసారికి వాళ్ళే "తీసుకెళ్ళండి" అనాలి. వద్దంటే బలవంతాన చేతిలో పెట్టాలి. ఆ లెక్కన నేను మెచ్చుకోవడం మొదలెట్టాను. సున్నుండలు చేసి పట్టుకెళ్ళి మెచ్చుకున్నాను. కాజాలు పట్టుకెళ్ళి మెచ్చుకున్నాను. "మా ఇంట్లో ఎందుకో ఇవి బతకవండీ" అని నిట్టూర్చాను. ఆవిడ సున్నుండ తింటూ, "అయ్యో పాపం" అనేది. ఇలా నాలుగేళ్ళు గడిచాయి.

ఐదో ఏడు మార్చిలో ఆవిడే మా తలుపు తట్టింది. మోకాళ్ళు ఇక పనిచేయడం లేదట. ఇల్లు అమ్మేసిందట. ఆ రోజే, పది నిమిషాల దూరంలో ఉన్న వృద్ధుల వసతిగృహానికి వెళ్ళిపోతోందట. ఇల్లు కొన్న బిల్డరు దాన్ని పడగొట్టి టౌన్‌హోమ్‌లు కడతాడని చెప్పింది. చేతిలో తడి న్యూస్‌పేపరు పొట్లం. విప్పితే, పూలు వాడిపోయి ఆకులు మాత్రం నిగనిగలాడుతున్న స్నోడ్రాపులు, వేళ్ళతో, మట్టితో సహా.

"ఎండు దుంపలు బతకవు. వీటిని ఆకు పచ్చగా ఉన్నప్పుడే పీకి నాటాలి" అంది.

"నాలుగేళ్ళుగా ఈ మాట చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వెప్పుడూ అడగలేదుగా!" అంది.

ఆ మొక్కలు ఆవిడకి వాళ్ళ అత్తగారు ఇచ్చినవట. "ఆవిడ నాకు ఇచ్చినవాటిలో పనికొచ్చింది ఇదొక్కటే. మిగతాదంతా సలహాలే" అంది. ముద్ద పూలకి విత్తు కట్టదు. ఒకరు పాయ తీసి ఇంకొకరికి ఇస్తేనే ఇంకో చోట ఉంటుంది. పడగొట్టే ఇంటి పెరట్లో ఎలాగూ ఏదీ మిగలదు. "ఇక ఇవి నీ దగ్గరే. నాకు ఒక్కటే కావాలి. ప్రతి ఫిబ్రవరీ ఒక్క పువ్వు తెచ్చి చూపించు" అని నా చెయ్యి పట్టుకుంది. తెస్తానని మాటిచ్చాను. ఆవిడకి అప్పటికే ఎనభై ఆరు.

పొట్లం వంటింటి గట్టు మీద పెట్టి ఆఫీసుకి పరుగెత్తాను. సాయంత్రం వచ్చి నాటుకోవాలని నా ప్లాన్. రోజంతా ఊళ్ళోవాళ్ళ పనులకి ప్రొసీజర్లు రాసే నేను, ఆ పొట్లం మీద "ముట్టుకోవద్దు" అని ఒక్క కాగితం ముక్క రాసి పెట్టలేదు.

ఇంట్లో మా మావగారు ఉన్నారు. మా దగ్గరికి వచ్చి అప్పటికి రెండేళ్ళు. గోదావరి జిల్లాలో వ్యవసాయ శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశారు. కుర్చీ ఉద్యోగం కాదు. మొదట సైకిలు మీద, తర్వాత మోపెడ్ మీద, గట్ల వెంట తిరిగి రైతులకి చెప్పడమే పని. వరినాట్లు వచ్చాయంటే ఆయన చెప్పే మాటలు మూడు. తాడు పట్టి వరసలో నాటండి. గాలీ వెలుతురూ ఆడడానికి మధ్య మధ్య కాలిబాటలు వదలండి. నారు కొనలు తుంచి నాటండి. కాండం తొలిచే పురుగు గుడ్లు పెట్టేది ఆ కొనల మీదేనట. తుంచేస్తే పురుగు చాలావరకు అక్కడే పోతుందట. ఎవరూ వినేవారు కాదని ఆయన బాధ. రైతులు చేతులు కట్టుకుని "ఆయ్, అలాగేనండి" అనేవారట. ఈయన మోపెడ్ మలుపు తిరగగానే తాడూ లేదు, బాటా లేదు, కొన తుంచేది అసలే లేదు. ముప్పై నాలుగేళ్ళలో తను చెప్పినట్టు నాటిన ఒక్క మడి కూడా చూడలేదని మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు.

సాయంత్రం వచ్చేసరికి గట్టు మీద పొట్లం లేదు. మావగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు, లుంగీ ఎగగట్టి, మోకాళ్ళ దాకా మట్టితో.

"రా అమ్మాయ్, చూద్దువుగాని" అని పెరట్లోకి నడిచారు.

వెళ్ళాను. కంచె వారన నేల చదును చేశారు. చుట్టూ చిన్న గట్టు వేశారు. రెండు పుల్లలకి తాడు కట్టి, జానెడు జానెడు దూరంలో, గీత గీసినట్టు, ఒక్కో దుంపా విడదీసి నాటారు. నాలుగేసి వరసలకి ఒక కాలిబాట వదిలారు, మోపెడ్ పట్టేంత వెడల్పున. గుంపుగా పెరిగితేనే అందమని ఆవిడ చెప్పిన పూలు ఇప్పుడు గోదావరి జిల్లా వరిమడి.

"ఎప్పుడు నాటారు మావయ్యగారూ?"

"నువ్వలా పొట్లం పడేసి ఎల్లిపోయేవు. పీకిన నారు ఉంచకూడదు కదమ్మా, వాడిపోద్ది. పన్నెండింటికి మొదలెట్టి మూడింటికల్లా అవగొట్టేసేను."

అప్పుడు చూశాను. "ఆకులు పొట్టిగా ఉన్నాయేంటండీ?"

"కొనలు తుంచేను" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం చూసి తీరాలి. మా పెళ్ళి నాడు కూడా ఆయన అంత సంతోషంగా లేరు. "తుంచినవి పారెయ్యలేదు. గొయ్యి తీసి పూడ్చేసేను. గుడ్లు ఏవన్నా ఉంటే అందులోనే చస్తాయి."

ఈ మొక్కకి ఆకే అన్నం. మార్చి నుంచి మే దాకా ఆకు తిన్న ఎండే దుంపలోకి దిగి, వచ్చే ఏటి పువ్వు అవుతుంది. వీటికి ఉండేవి రెండో మూడో ఆకులు. వరికి తుంచితే కొత్తాకు వస్తుంది, వీటికి రాదు. ఆయన తుంచింది కొన అంటే కొన కూడా కాదు, మూడో వంతు. ఈ మాటంతా నోటి చివరిదాకా వచ్చింది.

"బాగుందండీ" అన్నాను.

మిగతాదంతా గరాజ్‌లో, కారు తలుపులు వేసుకుని, మా ఆయనకి చెప్పాను. చెప్పాను అనడం మర్యాద. ఆయన మొత్తం విని, "నాన్నకి చెప్పకు, బాగా ఫీల్ అవుతారు. అసలు ఎవరూ తన మాట వినలేదని ఆయన బాధ" అన్నారు. "మరి నా బాధ?" అన్నాను. "నీ పూలకేం, నెక్స్ట్ ఇయర్ వస్తాయిలే" అన్నారు. రెండు రోజులు ఆయనకి కూరలో ఉప్పు వేయలేదు.

మర్నాడు పక్కింటికి వెళ్ళి ఇంకో పిడికెడు అడుగుదామనుకున్నాను. ఈసారి నోరు తెరిచే అడుగుదామనుకున్నాను. ఆవిడ అప్పటికే వెళ్ళిపోయింది. ఇంటి చుట్టూ ఇనుప కంచె వేసేశారు. మే నెలలో జేసీబీలాంటిది వచ్చి ఇంటినీ పెరటినీ కలిపి ఒక్కటే గుంట చేసింది. మా మావగారు కిటికీలోంచి చూసి, "మనం ముందే నాటేశాం కాబట్టి సరిపోయింది" అన్నారు.

ఫిబ్రవరి వచ్చింది. ఆకులు వచ్చాయి, బక్కగా, వరసలో. పువ్వు లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. మావగారు పొద్దున్నే గొడుగేసుకుని కాలిబాటల్లో నడిచి, ఒక్కో మొక్కా వంగి చూసి వచ్చేవారు. "ఇంకా పొట్టకి రాలేదమ్మా" అనేవారు. ఇంకో వారానికి, "ఇది జింకు లోపంలా ఉంది" అన్నారు. మా ఆయన్ని పంపి ఏదో పొడి తెప్పించి చల్లారు. నేను ప్రతిరోజూ "అలాగేనండి" అన్నాను. నెల చివరికొచ్చింది. ఆవిడ ఫోన్ చేసి, "పూసిందా?" అంది. నా నోట్లోంచి "ఆ, పూసింది" అని వచ్చేసింది.

ఇక చేసేదేముంది, నర్సరీకి వెళ్ళాను. ముద్ద రకం లేదు. రేక రకం కుండీలో దొరికింది. ఒక పువ్వు కోసి కాఫీ కప్పులో పెట్టాను. పెద్దావిడ కదా, చూపు ఆనదు కదా, అని నాకు నేనే చెప్పుకున్నాను. బయల్దేరుతుంటే మావగారు కూడా తయారయ్యారు, ఆదివారం చర్చికి వేసుకునే కోటుతో. "అసలు రైతు ఆవిడ కదమ్మా. జింకు ఎంత వెయ్యాలో అడుగుతాను" అన్నారు. ఏం చెప్పి ఆపను?

ఆవిడ గది కింది అంతస్తులోనే ఉంది. కుర్చీలో కూర్చుని ఉంది. కప్పు అందించాను. దగ్గరి చూపు ఆనలేదు, నిజమే. కానీ ఆవిడ చూడలేదు. పువ్వు గడ్డం కింద వేలు పెట్టి, లోపల తడిమింది.

"ఇది నాది కాదు" అంది.

నేను కార్పెట్ వైపు చూశాను. "ఈ ఏడు పూయలేదండీ. మీరు బాధపడతారని..."

"ఆకులున్నాయా?"

దానికి మావగారు జవాబు చెప్పారు. ఆవిడతో మాట్లాడడానికి కార్లో వస్తూ తయారు చేసుకున్న ఇంగ్లిషు. "లీవ్స్ గుడ్ మేడమ్. లైన్ ప్లాంటింగ్. టిప్స్ ఆల్సో ఐ కట్. సైంటిఫిక్."

ఆవిడ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. నేను ఆయనకి చెప్పలేదని ఆ ఒక్క చూపులో ఆవిడకి తెలిసిపోయింది. ముప్పై ఏళ్ళు అద్దంలో వెనక సీట్లని కనిపెట్టిన మనిషి. ఆయన్ని దగ్గరకి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, నెమ్మదిగా చెప్పింది. దుంప ఆకుతోనే తింటుందనీ, మార్చిలో తుంచింది ఫిబ్రవరి పువ్వేననీ. ఆయనకి ఇంగ్లిషు తక్కువేమో గానీ మొక్క సంగతి చెబితే అర్థం కాకపోవడం ఉండదు. ఆవిడ మాట పూర్తికాకముందే తల దించుకున్నారు.

తర్వాత నా వైపు తిరిగారు. "నీకు తెలుసామ్మా?"

"తెలుసండీ."

"ఎప్పటినుంచి?"

"ఆ రోజే తెలుసండీ."

"ఆ రైతులూ ఇంతే చేసేవోరు" అన్నారు. "అలాగేనండి, అలాగేనండి అనేవోరు. ఒక్కడైనా నా మొహం మీద, ఇది కాదండీ అని చెప్పేవోడు కాదు. చెప్తే నేర్చుకుందును కదా."

నాకు సిగ్గేసింది. ఏడాదిపాటు నేను ఆయనకి మర్యాద ఇస్తున్నాననుకున్నాను. ఆయన కోపం తెచ్చుకుని ఉంటే బాగుండేది. కోటు బొత్తాలు పెట్టుకుంటూ, తీసుకుంటూ, పెట్టుకుంటూ కూర్చున్నారు.

ఆ పరిస్థితిలోంచి మమ్మల్ని లాగింది ఆవిడే. "నా మొగుడు ఒకసారి వాటి మీద లాన్ మోవర్ నడిపాడు, మొత్తం. మీరు నయం, కొనలే. రెండేళ్ళు అలిగాయి, మూడో ఏడు వచ్చాయి. ఈ అమ్మాయి మీకేం చెప్పలేదు. నేను మాత్రం ఆయనకి చెప్పాను. పదకొండేళ్ళు రోజూ చెప్పాను" అంది. మావగారికి నేను తెలుగులో చెప్పాను. ఆయన నవ్వలేదు గానీ బొత్తాలు వదిలేశారు.

"ఆకులు పండిపోయి వాటంతటవి పడుకునేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకండి" అని ఆవిడ ఆయనకి పని అప్పజెప్పింది. "వచ్చే ఫిబ్రవరి దాకా నేను ఆగుతాను. మీరు ఆలస్యం చేయకండి."

ఆ మాటతో ఆయనకి మళ్ళీ ఉద్యోగం వచ్చింది. గట్టు కొట్టేసి నీళ్ళు బయటికి పోనిచ్చారు. మడి చుట్టూ పుల్లలు పాతి తాడు కట్టారు. మా ఆయన మోవర్ తీస్తే చాలు, చేతికర్ర పట్టుకుని మధ్యలో నిలబడేవారు. మే నెలలో ఆకులు పసుపెక్కి, వేలాడి, చూడలేనట్టు అయ్యాయి. చర్చివాళ్ళు వచ్చి, "ఉల్లిమడి ఎండిపోయిందేంటండీ, పీకేయండి" అంటే, "అది అన్నం తింటందండీ, లేపకూడదు" అని గంభీరంగా చెప్పేవారు. శనివారం శనివారం ఆవిడకి ఫోన్. స్పీకర్‌లో పెట్టి గట్టిగా అరిచేవారు. "మేడమ్! లీవ్స్ స్టాండింగ్! నో కటింగ్!" అటు నుంచి బస్సు గొంతు, "గుడ్ మ్యాన్!" అనేది. ఆకులు పడుకున్నాక చెప్పడానికి ఏమీ లేకపోయినా ఫోన్ మాత్రం ఆగలేదు. "మేడమ్! స్లీపింగ్!" అనేవారు. డిసెంబరులో రెండు వారాలు ఆవిడ ఫోన్ తీయలేదు. ఆ రెండు శనివారాలూ ఆయన అన్నం సరిగ్గా తినలేదు. కింద పడిందట, తుంటి ఎముక విరిగిందట. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చింది గానీ చక్రాల కుర్చీకి వచ్చేసింది. మళ్ళీ ఫోన్ తీయగానే ఆవిడ అడిగింది స్నోడ్రాపుల గురించే. నాకు మాత్రం ఆ రోజు నుంచీ భయం పట్టుకుంది. పువ్వు ఈ ఏడు కూడా రాకపోతే ఇంకో ఏడు ఆగమని ఆవిడని అడగడానికి ధైర్యం చాలదు.

ఫిబ్రవరి మొదటివారంలో ఒక పొద్దున్న నేను కాఫీ కలుపుకుంటున్నాను. మావగారు పెరట్లోంచి వచ్చి, బూట్లు తుడుచుకుని, గొడుగు ముడిచి మూలన పెట్టి, "అమ్మాయ్, ఈనింది" అన్నారు. వరి వెన్ను తీసినప్పుడు అనే మాట అది. కాఫీ అక్కడే వదిలేసి చెప్పులు లేకుండా పరుగెత్తాను.

పూశాయి. అన్నీ కాదు, సగానికి పైగా. తాడు పట్టి నాటిన వరసల్లో, మధ్య మధ్య కాలిబాటలతో సహా, సండే స్కూలు పిల్లలు ప్రార్థనకి తలలు వంచి నిలబడ్డట్టు. ఆ బురదలో మోకాళ్ళ మీద కూలబడి ఒక పువ్వు పైకెత్తి చూశాను. కుచ్చిళ్ళున్నాయి. పాస్టరమ్మగారు ఆ రోజు చేసిన ప్రార్థన ఇప్పుడు వర్తించింది, నిజంగానే ఏడ్చాను.

ఒకటి కోద్దామని కత్తెర తెచ్చాను. మావగారు ఆపారు. "ఒక్క పువ్వేంటమ్మా. ఆవిడ వంగలేదు. నీలాగా మోకాళ్ళ మీద కూర్చోలేదు. పువ్వేమో తల ఎత్తదు. అంచేత మొక్కనే ఎత్తులో పెడదాం" అన్నారు. పూలతో, వేళ్ళతో ఒక కుదురు తవ్వి, మట్టి కడిగి, దారంతో నారుకట్ట కట్టారు. వేలాడే కుండీ ఒకటి, మట్టి సంచీ ఒకటి కారెక్కాయి.

ఆవిడ గదికి బయటి వైపు అద్దాల తలుపు. దాని ముందు చూరుకి పిట్టల గింజల డబ్బా తగిలించే కొక్కెం ఉంది. వాన పడుతోంది. ఆవిడని బయటికి తీసుకెళ్ళడానికి నర్సు ఒప్పుకోలేదు. అద్దానికి దగ్గరగా కుర్చీ జరిపి, పక్కన నేను కూర్చున్నాను. ఆవిడ చాలా చిక్కిపోయింది. గొంతు కూడా బస్సులో మొదటి సీటు దాకానే వస్తోంది. అద్దానికి అవతల, రెయిన్‌కోటూ మంకీ క్యాపూ వేసుకుని మా మావగారు. మెట్టు మీద కుండీ పెట్టి, కట్ట విప్పి, మూడేసి దుంపలు చొప్పున నాటుతున్నారు. ఈసారి వరసలు లేవు, గుంపుగానే పెట్టారు. మట్టి ఒత్తారు. నీళ్ళు పోశారు.

అంతా అయిపోయాక, ఆయన కుడిచేయి అలవాటు కొద్దీ ఆకుల మీదికి వెళ్ళింది. పచ్చటి కొనలన్నీ కలిపి గుప్పిట్లోకి తీసుకుంది. బొటనవేలి గోరు ఆనింది.

పక్కన పెద్దావిడ ఉంగరమున్న వేలితో అద్దం మీద టకటకా కొట్టింది, బస్సులో అల్లరి పిల్లాడిని ఆపినట్టు.

ఆయన ఉలిక్కిపడి చూశారు. గుప్పిట వదిలేశారు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఆవిడ భుజాలు కదిలేలా నవ్వింది. నేనూ నవ్వాను. అద్దంలోంచి ఆయనా నవ్వారు. తర్వాత కుండీని కొక్కేనికి తగిలించారు. నేలని చూసే ఆ పూలు ఇప్పుడు సరిగ్గా ఆవిడ ముఖంలోకి చూస్తున్నాయి. మెడ కాస్త వెనక్కి వాల్చి, పెదవులు కదుపుతూ, ఆవిడ ఒక పువ్వు లోపలి రెక్కలు లెక్కపెట్టడం మొదలెట్టింది. మధ్యలో తప్పిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టింది. బయట వానలో మా మావగారు చేతులు వెనక్కి కట్టుకునే నిలబడ్డారు, ఆవిడ లెక్క పూర్తయ్యేదాకా.